వేడి మీద కొలత

మా డాడీ బూతులు తిట్టేవాడు కాదు. బూతులు చేతకానివాళ్ళ పని అనేవాడు. తిట్టడానికి ఆయనకు తను పనిచేసే లేత్ మిషను, ఇనుమును తిప్పుతూ చెక్కేది, దాని దగ్గర దొరికిన మాటలు చాలు. అమ్మ చేసిన చపాతీ కాస్త వంకర పోతే దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, ట్యూబులైటుకు అడ్డం పెట్టి చూసి, "రిజెక్ట్" అని పళ్ళెం అవతలికి తోసేవాడు. పెద్దనాన్న కొడుకు ఇంటర్ తప్పిన రోజున పదిమందిలో "వీడు రీవర్క్‌కు సుత పనికిరాడు, స్క్రాప్‌ల ఎయ్యాలె" అన్నాడు. నాకు చిన్నప్పుడు నత్తి ఉండేది. మాట ఎక్కడైనా తట్టుకుని ఆగితే చాలు, "దీని నోట్లె బర్ ఉన్నది, ఆకురాయి పెట్టి గీకాలె" అని నవ్వేవాడు. బర్ అంటే లోహాన్ని కోసినప్పుడు అంచున మిగిలిపోయే సన్నటి గరుకు. వేలు తగిలితే తెగుతుంది. అది ఏమిటో కళ్ళతో చూడకముందే నాకు ఆ మాట తెలుసు.

మా తాత గుంటూరు వైపు నుంచి మిషన్ బడిలో పంతులుగా సికింద్రాబాద్ వచ్చి, బోయిగూడలో ఇల్లు తీసుకుని ఉండిపోయాడు. పెద్దనాన్న టీచరు, అత్త నర్సు, చిన్నాన్న రైల్వే ఆఫీసులో గుమాస్తా. డాడీ ఒక్కడే పదో తరగతి తప్పి కార్ఖానా బస్తీ వైపున ఒక షెడ్డులో పనికి చేరాడు. క్రిస్మస్ భోజనాల దగ్గర ఎవరి కళ్ళయినా ఆయన గోళ్ళలోని నలుపు మీద పడితే ఆయన ముఖం మాడిపోయేది. ఆ కసి ఇంటికొచ్చాక మా మీద తీరేది. ఇదంతా చెప్పి ఆయన మీద జాలి పుట్టించాలని కాదు. అవమానాలు ఎవరికి లేవు? అందరూ పెళ్ళాం చేసిన చపాతీలు తోసేస్తున్నారా?

ఆ షెడ్డు ఇప్పటికీ ఉంది. ఏదైనా కంపెనీవాళ్ళు కొత్త వస్తువు తయారు చేయాలనుకుంటే, ముందు ఒక్కటి చేసి చూపించమంటారు. ఆ మొదటి ఒక్కటీ చేసివ్వడమే మా షాపు పని. దాన్ని ప్రోటోటైప్ అంటాం. ఓనరు వాళ్ళది విజయవాడ వైపు. తండ్రి పెట్టిపోయిన షెడ్డును చేతిలోకి తీసుకున్నాక కంప్యూటరు చెప్పినట్టు కోసే సీఎన్‌సీ మిషను ఒకటి తెచ్చాడు. ఆ తరవాత ప్లాస్టిక్ తీగను కరిగించి పొర మీద పొర పోస్తూ వస్తువును పైకి లేపే ప్రింటరు దింపాడు. ఒక మూల మాత్రం పాత చేతి లేత్ మిగిలింది. అది మా డాడీది. కాగితాల మీద ఎవరిదైనా కానీ, దాని మీద ఇంకొకడు చెయ్యి వేస్తే చెయ్యి విరిచేసేలా చూసేవాడు. షాపులో అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళు.

షాపులో దండ అని ఒక ఆచారం ఉంది. ఎవరైనా చేసిన పీసు కొలతలో తప్పితే, దానికి బైండింగ్ వైరు చుట్టి వాళ్ళ మిషనుకే వేలాడదీయాలి. శనివారం సాయంత్రం దాకా అది అక్కడే వేలాడాలి. వచ్చేపోయేవాళ్ళందరూ చూడాలి, టీ తెచ్చేవాడితో సహా. ఈ ఆచారం కనిపెట్టింది డాడీనే. "సిగ్గు ఉంటె మల్ల తప్పు చెయ్యడు, సిగ్గు లేకుంటె ఇంటికి పోతడు" అనేవాడు. సీఎన్‌సీ నడిపేవాడు బొల్లారం నుంచి వచ్చేవాడు. తల్లి చనిపోయి, పదకొండో రోజు కానిచ్చి, గుండుతో పనిలోకి వచ్చిన పొద్దున అతను చేసిన పీసు ఒకటి తప్పింది. డాడీ తన చేత్తోనే వైరు చుట్టి తగిలించాడు. "గుండు మీద సుత ఒకటి కట్టనా?" అని అడిగాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. అతను తల వంచుకుని మిషను తలుపు మూసి బటన్ నొక్కాడు.

పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి నేను ఆ షాపులోనే ఇన్‌స్పెక్టరుగా చేరాను. ఓనరే పిలిచి ఇచ్చాడు ఉద్యోగం. డాడీకి ఇష్టం లేదు. "ఆడపిల్ల గాజులు కొలుచుకోవాలె గాని షాఫ్టులు కొలుస్తదా?" అన్నాడు. ఆపలేక, చేరిన రోజున స్కూటరు దిగుతూ ఒక్క మాట చెప్పాడు.

"షాపుల డాడీ లేడు గీడీ లేడు. అందరి లెక్క ఉస్తాద్ అను. నువ్వు నా బిడ్డవని ఎవ్వడన్న గుర్తు చేస్తే నాకు నామోషి."

నాకు అదే హాయిగా ఉంది. నా టేబుల్ మీద సన్నటి తేడాలు కూడా కొలిచే మైక్రోమీటరు, గేజీలు, ఒక మూల బైండింగ్ వైరు చుట్ట. తప్పు పీసులకు దండ కట్టే పని అప్పటినుంచి ఇన్‌స్పెక్టరుదయింది, అంటే నాది. నాకు అది నచ్చలేదని చెబితే అబద్ధం. కొలత తప్పిందంటే తప్పినట్టే, కట్టేదాన్ని. అవతల లేత్ దగ్గర నుంచి డాడీ చూసి తల ఊపేవాడు. జీవితంలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ తల ఊపడంతోనే.

కానీ ఆయన పీసులు నా టేబుల్ మీదికి వచ్చేవి కావు. ఉస్తాద్ తన పని తనే కొలుచుకుని తనే పాస్ చేసుకోవడం ఓనరు తండ్రి కాలం నుంచి వస్తున్న మర్యాద. నేను చేరిన కొన్నాళ్ళకు ఆయన పంపిన పీసులు కొన్ని కస్టమర్ల దగ్గర నుంచి వెనక్కి రావడం మొదలైంది. కారణం నాకు తెలుసు. ఇంట్లో ఆయన కూరలో చెయ్యి పెట్టబోయి పక్కన పెడుతున్నాడు. కళ్ళల్లో పొర వచ్చింది. డాక్టరు చిన్న ఆపరేషనే అన్నాడు. ఆపరేషనయితే కొన్ని వారాలు దుమ్ముకీ వేడికీ దూరంగా ఉండాలి. అన్నాళ్ళు లేత్ ఇంకొకడి చేతుల్లోకి పోతుందని ఆయన ఒప్పుకోలేదు. మైక్రోమీటరు గీతలు కనబడక వేలితో తడిమి, అలవాటు మీద కోసేవాడు. అడిగితే, "నా వేలే మైక్రోమీటర్" అనేవాడు. నిజమే అనుకుని మురిసేవాళ్ళు ఒకప్పుడు ఉన్నారు. లోహం మాత్రం ఎవరి ముఖమూ చూడదు.

చివరికి ఓనరు ఆయన్ని పిలిచి కూర్చోబెట్టాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"మీ మీద గౌరవం లేక కాదండీ ఉస్తాద్. హాస్పిటల్ మిషన్లు తయారుచేసే పార్టీ ఒకటి వస్తోంది. వాళ్ళకి స్టీలు షాఫ్టు ఒక్కటి శాంపిల్ కావాలి. మీరే తిప్పండి. అమ్మాయి టేబుల్ మీద పాసైందనుకోండి, నేనున్నంత కాలం లేత్ జోలికి రాను. పాసవకపోతే మాత్రం ఆ జాగాలో రెండో ప్రింటరు దింపుతాను. మీరు ప్రింటరు దగ్గర చూసుకుందురుగాని."

డాడీ నవ్వాడు. "గంతేనా? పొద్దుగాల షురూ చేస్తే టీ టైముకు ఇస్త" అన్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరం స్కూటరు మీద ఇంటికి వచ్చాక ఆయన స్నానానికి వెళ్ళగానే అమ్మ వంటింట్లో నా చెయ్యి పట్టుకుంది. ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు.

"జెర చూసీ చూడనట్టు పోవే. లేత్ పోతే ఆయన పనికి పోతడా పోడా ఎవరికి ఎరుక? దినమంత ఇంట్లనే కూసుంటె నా గతేందీ?"

"పీసు మంచిగుంటె పాసయితది మమ్మీ" అన్నాను.

"మంచిగ లేకుంటె?"

నేను చెయ్యి విడిపించుకున్నాను. పీసు మంచిగా ఉండకూడదనే నాకు ఉంది. తూకంలో ఎటువైపూ వేలు పెట్టను, ఉన్నది ఉన్నట్టు కొలుస్తాను, అది వేరే సంగతి. కానీ కోరిక మాత్రం అదే. ఆయన లేత్‌కు దండ వేలాడితే చూడాలని నాకు నత్తి ఉన్న రోజుల నుంచీ ఉంది.

మర్నాడు పార్టీ తరఫు మనిషి, ఇస్త్రీ చొక్కాతో, ఓనరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. డాడీ షాఫ్టుకని తెచ్చిన గుండ్రటి స్టీలు కడ్డీని మిషనులో బిగించాడు. నిజం చెప్పాలంటే చూడముచ్చటగా ఉంటుంది ఆయన పని. ఎక్కడా తొందర లేదు, ఒక్క కదలిక వృథా పోదు. కానీ చివరి కోతలకు వచ్చేసరికి టీ టైము దగ్గర పడింది. అందరి ముందూ ఇచ్చిన మాట తప్పడం ఇష్టం లేక వేగం పెంచాడు. చల్లబరిచే నూనె నీళ్ళు పోస్తే కోసే చోటు మసకబారుతుంది, ఆ కళ్ళకు ఇక అసలే కనబడదు. అందుకని పొడిగా కోశాడు. పొగ లేచింది. నీలం రంగు తిరిగిన లోహపు చుట్టలు కింద పడ్డాయి. మిషను ఆపి, షాఫ్టు విప్పి, బట్టలో చుట్టి నేరుగా నా దగ్గరికి తెచ్చి చేతిలో పెట్టాడు.

"కొలువు."

డ్రాయింగులో కొలత పక్కన ఎంత వరకు అటూ ఇటూ పోవచ్చో రాసి ఉంటుంది. దాన్ని టాలరెన్స్ అంటాం. మైక్రోమీటరు బిగించి చూశాను. టాలరెన్స్ కింది గీత దగ్గర, అంచు మీద నిలబడింది. అంటే పాస్.

కానీ షాఫ్టు కాలుతోంది. బట్టలోంచి కూడా అరచేతికి చురుక్కుమంది. కోత వేడికి స్టీలు ఉబ్బుతుంది. చల్లారితే కుంచించుకుంటుంది. వెంట్రుకలో పదో వంతు తేడా అయినా, మాకు ఆ తేడా చాలు. వేడి మీద కొలిచిన కొలత కొలత కాదు. ఏ షాపులోనైనా ఇది మొదటి పాఠం. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ డాడీ ఈ పాఠం నెత్తి మీద మొట్టి చెప్పేవాడు. పీసు చల్లారేదాకా ముట్టుకోనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషి పొగ వస్తున్న షాఫ్టు తెచ్చి నా చేతిలో పెట్టాడు. తొందరలో మరిచిపోయాడని అనుకోవడానికి నేను పిచ్చిదాన్ని కాదు.

తల ఎత్తి చూశాను. ఆయన నా మీదికి వంగి, ఇంకెవరికీ వినబడకుండా అన్నాడు.

"పాస్ అను బిడ్డా."

షాపులో ఆ మాట వాడొద్దన్నది ఆయనే. ఇంట్లో కూడా ఆ పిలుపు విన్న గుర్తు నాకు లేదు. గుండెలో ఒక్కసారి కలుక్కుమంది, దాచను. వెంటనే ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ ఆ మాటను ఎక్కడో భద్రంగా దాచిపెట్టి, పని పడినప్పుడు బయటికి తీశాడన్నమాట.

"ఇంక వేడిగున్నది ఉస్తాద్. చల్లారినంక కొలుస్త" అన్నాను, అందరికీ వినబడేట్టు.

షాఫ్టును రాతి పలక మీద పెట్టాను. సీఎన్‌సీ అతను తన మిషను ఆపేసి వచ్చి నిలబడ్డాడు. టీ వచ్చింది. ఓనరు, పార్టీ మనిషి తాగారు. నేనూ తాగాను, నిదానంగా. డాడీ గ్లాసు ముట్టుకోలేదు. తన స్టూలు తెచ్చుకుని టేబుల్ ఎదురుగా కూర్చుని ఆ షాఫ్టునే చూస్తున్నాడు, కళ్ళు చికిలించి. అది తన కళ్ళ ముందే చిక్కిపోతుంటే ఆయన ఒక్కడికే తెలుసు ఏం జరుగుతోందో. నాకూ తెలుసు. ఫ్యాను నా వైపు తిప్పుకుని, గాలి షాఫ్టుకు తగిలేట్టు కాస్త వంచాను కూడా.

పార్టీ మనిషి విసుగ్గా గడియారం చూసుకున్నాడు. అప్పుడు డాడీ లేచాడు. భయం పుట్టిన మనిషి ఊరుకోలేడు కదా. పార్టీ మనిషి వైపు తిరిగి నవ్వుతూ అన్నాడు.

"పరేషాన్ గాకండి సార్. గిది ఊకెనే నాటకం చేస్తున్నది. దీనికి చిన్నప్పటి సంది నత్తి. రి... రి... రిజెక్ట్ అనెటాలకు మీ షాఫ్టు తుప్పు పడ్తది."

ఆయన నాలాగే మెడ ముందుకు సాచి, కళ్ళు మూసి తెరిచి చేసి చూపించాడు. అచ్చం నాలాగే చేశాడు. పార్టీ మనిషి నవ్వాలో వద్దో తెలియక ఓనరు వైపు చూశాడు. ఓనరు ఫోను చూసుకున్నాడు.

నేను షాఫ్టు చేతిలోకి తీసుకున్నాను. చల్లగా ఉంది. మైక్రోమీటరు బిగించాను. మూడు చోట్ల చూశాను. మూడు చోట్లా కొలత కింది గీత దాటి ఇంకా తక్కువకు పోయింది. షాఫ్టు లావుగా ఉంటే ఇంకో పొర కోసి సరిచేయవచ్చు. దాన్ని రీవర్క్ అంటాం. సన్నబడితే చేయగలిగింది లేదు. పోయిన లోహాన్ని ఎవరూ తిరిగి పెట్టలేరు.

"అండర్‌సైజ్. స్క్రాప్" అన్నాను. మాట ఎక్కడా తట్టుకోలేదు.

సీఎన్‌సీ నడిపే బొల్లారం అతను వెళ్ళి బైండింగ్ వైరు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. ఓనరు గొంతు సవరించుకుని, "వద్దులేమ్మా, ఆయనకి వద్దు, పెద్దవారు" అన్నాడు. నేను విననట్టే వైరు చుట్టాను. షాపు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచి వెళ్ళి లేత్ పిడికి కట్టాను. ముడి గట్టిగా వేశాను. శనివారం దాకా ఊడకూడదు కదా.

సంతోషం వేసింది. ఇప్పుడు కూడా తలుచుకుంటే వేస్తుంది. ఆ షాఫ్టును మళ్ళీ వేడిగా తెచ్చి చేతిలో పెడితే మళ్ళీ చల్లారనిస్తాను.

సోమవారం ట్రాలీ వచ్చింది. ఎవరో పాత ఇనుము వాళ్ళు లేత్ కాళ్ళ కింద బోల్టులు తుప్పు పట్టి రాకపోతే గ్యాసుతో కోశారు. డాడీ సెలవు పెట్టలేదు. నిలబడి చూశాడు. ఒకడు జారి మిషనును గోడకు కొట్టబోతే "అరె, పైలంగ పట్టురా" అని కేకేశాడు. తుక్కులో కరిగించడానికి తీసుకుపోతున్నదాన్ని జాగ్రత్తగా పట్టుకోమనడం వాళ్ళకు నవ్వు తెప్పించింది.

లేత్ పోయాక ఇక కాపాడుకోవాల్సింది ఏమీ లేక కళ్ళకు ఆపరేషన్ చేయించుకున్నాడు. ఇప్పుడు ఆయనకు అన్నీ శుభ్రంగా కనిపిస్తాయి. వార్తాపత్రికలో అడుగున అచ్చువేసే చిన్న అక్షరాలు కూడా చదువుతాడు. షాపులో ప్రింటర్ల దగ్గర కూర్చుంటాడు. ప్రింటరు గాలిలో వేలాడే భాగాలు కూలిపోకుండా కింద సన్నటి కడ్డీలు పోసుకుంటుంది, సపోర్టులు అంటారు. వస్తువు తయారయ్యాక వాటిని పట్టకారుతో విరిచి, గరుకు కాగితంతో రుద్దాలి. ఆయన పని అదే. రుద్దినవన్నీ తెచ్చి నా టేబుల్ మీద పెడతాడు. బాగా లేనివి నేను వెనక్కి పంపిస్తాను. దండ మాత్రం ఇప్పుడు లేదు, ఓనరు మాన్పించాడు.

స్కూటరు మీద ఆయన ఒక్కడే వెళతాడు. నేను బస్సులో వెళతాను. అమ్మ భయపడినట్టు ఆయన ఇంట్లో కూర్చోలేదు, అరవడం కూడా మానేశాడు. చపాతీ ఎలా ఉన్నా తింటాడు. ఇల్లు ఇంత నెమ్మదిగా నేనెప్పుడూ చూడలేదు. అమ్మ మాత్రం, "ఇంతకన్న తిట్టేదే నయముండె" అని ఒకసారి నాతో అంది.

మా ఇంట్లో అన్నాలకు ముందు కుటుంబ ప్రార్థన చేస్తాం. డాడీయే చేస్తాడు. మామూలుగా మాట్లాడే భాష పక్కన పెట్టి, బైబిల్ భాషలో, కళ్ళు గట్టిగా మూసుకుని, పేరు పేరునా అందరినీ దేవుడికి అప్పగిస్తాడు. అమ్మను, తన అన్నదమ్ములను, ఇంటర్ తప్పిన ఆ పెద్దనాన్న కొడుకును, లేత్ అమ్మేసిన ఓనరును, చివరికి బొల్లారం అతన్ని కూడా. పేర్లన్నీ అయిపోయాక నా వంతు వస్తుంది.

"మా యింట నివసించుచున్న మేడమ్ గారిని కూడా దీవించుము ప్రభువా."

మొదటి రోజున అమ్మ ఏడ్చింది. ఇప్పుడు ఏడవడం లేదు, ఆమెన్ అంటుంది. నేనూ అంటాను. ఆయన కళ్ళు తెరిచి, అన్నం గిన్నె ముందుగా నా వైపే జరుపుతాడు.

"వడ్డించుకోండి మేడమ్."